సీతాలునెవరూ అడగలేదు

సీతాలుకి కన్ను పోయిన రోజున రేవులో జనం లేకపోలేదు. తెల్లవారి పడవలు వచ్చే వేళకి జంగ్లీఘాట్ రేవు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు, ఐసు బండివాళ్ళు, వలలు దులుపుకునే కుర్రాళ్ళు, అందరూ ఉన్నారు. ఆ అందరి ముందే బంగారురాజు తెడ్డు ఎత్తి కొట్టాడు.

ఆ రేవులో సగం ఇంజను పడవలు బంగారురాజువే. అతని తండ్రీ, సీతాలు తండ్రీ ఒకే ఓడలో వైజాగు నుంచి ఈ దీవులకు వచ్చారనీ, మొదట్లో ఒకే పాకలో వండుకుని తిన్నారనీ ముసలివాళ్ళు చెబుతారు. తరువాత ఒకరి కొడుకు పడవల యజమాని అయ్యాడు. ఇంకొకరి కొడుకు నూకన్న ఆ పడవల్లోనే పనికి వెళ్ళేవాడు. తండ్రి సముద్రంలో పోయాక నూకన్ననీ, అక్క సీతాలునీ తల్లి ఎరుకమ్మ చేపలమ్మి పెంచింది. సీతాలు మొగుడు పెళ్ళయిన ఏడాదికే మెయిన్‌లాండుకి వెళ్ళి తిరుగు ఓడెక్కలేదు. అప్పటినుంచి ఆమె కూడా తల్లితోపాటు తట్ట నెత్తిన పెట్టుకుని అబర్డీన్ బజారు వెనక క్వార్టర్ల చుట్టూ తిరిగేది.

ఆ ఏడు బంగారురాజు కొత్త పద్ధతి పెట్టాడు. దొరికిన చేపంతా ఐసులో పెట్టి మద్రాసు ఓడకి ఎక్కిస్తానన్నాడు. పడవలో పనిచేసేవాళ్ళ వాటా చేప కూడా తన కాటా మీదికే రావాలన్నాడు. ఇక రేవులో ఆడవాళ్ళు కొనుక్కోవడానికి మిగిలేది ఏమీ లేదు. కొందరు ఏడ్చారు, కొందరు శాపనార్థాలు పెట్టారు. సీతాలు మాత్రం ఆ ఉదయం పడవ దగ్గరికి నడిచి, తమ్ముడి వాటాకి వచ్చిన సురమై చేపని ఎత్తి తన తట్టలో వేసుకుంది.

"ఒలే, అది కాటా మీదెట్టు," అన్నాడు బంగారురాజు.

"ఇది మా వోడి పాలు. మీది కాదు గదా బాబూ."

"ఎట్టమన్నానా?"

"ఎట్టను."

అంతే జరిగింది. పడవలోంచి తెడ్డు లాగి విసురుగా ఒక్క దెబ్బ కొట్టాడు. దాని అంచు ఎడమ కంటికి తగిలింది. సీతాలు కూలబడింది. మోకాలి లోతు నీళ్ళలో వల కడుగుతున్న నూకన్న పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. పడవ తాడు పట్టుకున్న అప్పలరాముడూ, చేపలు దించుతున్న మల్లేశూ ఆమెకి చెయ్యి చాచినంత దూరంలో నిలబడి ఉన్నారు. ఇద్దరూ నూకన్న స్నేహితులే. ఇద్దరూ కదల్లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు. చూపు మాత్రం రాదన్నాడు.

థానా నుంచి వచ్చిన హవల్దారు మంచం పక్కన నిలబడి ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. మంచివాడే. "బెహెన్, గవాహ్ చాహియే, సాక్షి కావాలి. నీ తమ్ముడు ఒక్కడు చాలడు, ఇంటివాడు అంటారు. దగ్గర నిలబడి చూసినవాడు ఇంకెవడైనా చెప్పాలి," అన్నాడు.

అతను రేవుకి వెళ్ళి అడిగాడు. ఆడవాళ్ళు ఆ వేళకి తాము తట్టలు సర్దుకుంటున్నామన్నారు. అప్పలరాముడు ఇంజను వైపు తిరిగి ఉన్నానన్నాడు. మల్లేశు అసలు ఆ రోజు రేవుకే రాలేదన్నాడు. రేవు మొత్తం సముద్రం వైపే చూస్తూ నిలబడినట్టు తేలింది.

*

రేవుకి పై సందులో గవరయ్య వీడియో హాలు నడిపేవాడు. హాలంటే రేకుల షెడ్డు, కిటికీలకి నల్ల గుడ్డలు, ముందు చాపలు, వెనక బెంచీలు, స్టూలు మీద ఒక టీవీ. క్యాసెట్లు ఓడల మీద వచ్చేవి. ఆ రోజుల్లో వచ్చే సినిమాల్లో ఎక్కువ భాగం ఒక్కలాంటివే. హీరో చెల్లెల్ని దుర్మార్గులు చంపుతారు. కోర్టు వాళ్ళని వదిలేస్తుంది. హీరో ఒక్కొక్కడినీ వెతికి పట్టుకుని చంపుతాడు. చంపిన ప్రతిసారీ షెడ్డు రేకులు అదిరేలా ఈలలు పడేవి. నూకన్న ఈల అందులో అందరికంటే గట్టిగా వినిపించేది.

అక్క ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నూకన్న సాయంత్రాలు ఆ హాల్లోనే కూర్చున్నాడు. ఒక ఆదివారం పొద్దున సీతాలుకి గంజి తీసుకొచ్చి, మంచం చివర కూర్చుని, అప్పా అని అక్కని పిలిచి, ముందురోజు చూసిన సినిమా చెప్పడం మొదలుపెట్టాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆఖర్న ఆడిని సెల్లి ఫొటో కాడికి ఈడ్సుకొస్తాడప్పా. మోకాల్ల మీద కూకోబెడతాడు. సెల్లికి దండం ఎట్టరా అంతాడు. ఎట్టినాకే ఏసేత్తాడు. పోలీసోడు గుమ్మంలో నిలబడి అంతా సూసి, టోపీ తీసి అటు తిరిగిపోతాడు."

"సెల్లి ఏటంది?" అంది సీతాలు.

"ఏ సెల్లి?"

"ఆ సెల్లే. ఆడిని సంపమని అందేటి?"

నూకన్న విసుక్కున్నాడు. "సచ్చిపోనాది గదప్పా. మొదట్లోనే సచ్చిపోద్ది. ఏటంతాది?"

సీతాలు గంజి గిన్నె పక్కన పెట్టింది. "అదీ సంగతి. ముందు దాన్ని సంపేసి, తరవాత దాని పేరు సెప్పి ఎంతమందినైనా సంపొచ్చు. అడ్డు సెప్పడానికి ఉండదు గదా. ఒరే నూకా, నాను బతికే ఉన్నాను. నన్ను అడక్కుండా నా పేరు మీద ఏటీ సెయ్యకు."

తమ్ముడు లేచాడు. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

*

సీతాలు ఇంటికి వచ్చింది. కంటికి ఇంకా కట్టు ఉంది. ఒక మధ్యాహ్నం మల్లేశు గుమ్మంలోకి వచ్చి, "అప్పా, నూకడు రమ్మంటన్నాడు. జల్దీ," అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

రేవు చివర పాత ఐసు గది ఉంది. కొత్తది కట్టాక దాన్ని ఎవరూ వాడడం లేదు. మల్లేశు తలుపు తోశాడు. లోపల చేపల వాసన, తడి రంపపు పొట్టు వాసన. పైకప్పు రేకు చిరిగిన చోటునుంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో బంగారురాజు నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. కాళ్ళకి వల తాడు. నోట్లో గుడ్డ. నూకన్న, అప్పలరాముడు అతనికి చెరో పక్కా నిలబడ్డారు. కొత్త ఇంజను చూపిస్తామని పిలిచి పట్టుకున్నారట.

నూకన్న అక్క చేతిలో కత్తి పెట్టాడు. చేపలు కోసే వెడల్పాటి కత్తి. ఆమెదే, ఇంట్లోంచి తెచ్చాడు.

"నువ్వు అడగమన్నావు గదా. అడుగుతన్నాను," అన్నాడు. "నీ సేతుల్తో నువ్వే తీర్సుకో. నీకు సేతకాకపోతే నాను సేత్తాను. పడవలో ఏసుకుని దూరంగా ఎల్లి ఒదిలేత్తాం. ఎవుడికీ తెలీదు."

సీతాలు బంగారురాజుని చూసింది. మిగిలిన ఒక్క కంటితో ఇన్ని రోజుల తరువాత అతన్ని చూడడం అదే మొదలు. ఆసుపత్రిలో పడుకుని ఆమె ఇతన్ని ఎన్నోసార్లు చంపింది. తెడ్డుతో చంపింది, రాయితో చంపింది, నీళ్ళలో తల ముంచి చంపింది. అలా చంపినప్పుడల్లా అతను పెద్దగా, నల్లగా, నవ్వుతూ ఉండేవాడు. ఇక్కడున్నవాడు చెమటతో తడిసిపోయి వణుకుతున్నాడు. పంచె తడిసి ఉంది. ఒక చెప్పు ఎక్కడో పోయింది.

జాలి కలుగుతుందేమోనని ఆమె ఒక్క క్షణం తనలోకి చూసుకుంది. కలగలేదు. కత్తి పిడి అరచేతిలో చక్కగా కూర్చుంది. మెడ ఎక్కడ మెత్తగా ఉంటుందో చేపలమ్మే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెయ్యి లేచింది కూడా. అది లేవడం ఆమెకే తెలిసింది.

అప్పుడు అప్పలరాముడు అన్నాడు. "సెయ్యప్పా. ఆడు నిన్ను కొట్టినప్పుడు నువ్వు కనీసం సెయ్యి కూడా అడ్డం ఎట్టనేదు. నాను సూసినాను గదా."

సీతాలు చెయ్యి ఆగిపోయింది. మెల్లగా అతని వైపు తిరిగింది.

"ఏటన్నావు?"

అప్పలరాముడు నోరు మూసుకున్నాడు.

"సూసినావా?"

అతను తలుపు వైపు చూశాడు.

"ఇంజను కాసి తిరిగున్నానని హవల్దారుకి సెప్పినావు గదరా. సూసినావా, నేదా?"

"సూసినానప్పా."

"మల్లేశూ, నువ్వు?"

మల్లేశు నేల చూశాడు. "నానూ..."

"అయితే పదండి. ఇప్పుడే. థానాకి పోయి ఆ ఒక్క ముక్కా సెప్పండి."

ఎవరూ కదల్లేదు. చివరికి మల్లేశే గొణిగాడు. "పడవలన్నీ ఆడివే గదప్పా. సాచ్చికం సెప్తే రేపు మమ్మల్ని ఎవుడు పడవెక్కిత్తాడు? పిల్లలున్నారు."

"ఆడిని సంపితే ఎక్కిత్తారేటి?"

"అది ఎవుడికీ తెలీదు గదా."

సీతాలు గొంతు ఆ రేకుల గదిలో ఖంగుమంది. "అదిరా మీ దైర్యం! గదిలో తలుపులేసుకుని కట్టేసినోడిని సంపడానికి ముగ్గురున్నారు. పట్టపగలు నలుగురి మద్దిని నిలబడి సూసినానని సెప్పడానికి ఒక్కడు నేడు. ఇదేటి, నాకోసమా? మీరు ఆ పొద్దు కదలనేదని మీకు సిగ్గుగా ఉన్నాది. ఆ సిగ్గు ఈడి నెత్తురుతో కడుక్కుంటారు. నా కన్ను దానికి ఒక వంక."

"అప్పా!" నూకన్న అరిచాడు. "కోర్టు ఆడిది. లాయరు ఆడోడు. అక్కడ నీకు ఏటి దొరుకుద్ది? నవ్వుకుంటా బయటికొస్తాడు. అప్పుడేటి సేత్తావు?"

"మల్లీ ఎల్తాను. మల్లీ అడుగుతాను. నవ్వితే ఆడి ఎదర నిలబడి నా కట్టు ఇప్పి సూపిత్తాను. కానీ నన్ను కొట్టినోడు ఎవుడో, ఎందుకు కొట్టినాడో ఈ ఊరంతా సెవులారా ఇనాల. ఈడిని సముద్రంలో ఒదిలేత్తే ఏటి ఇంటారు? బంగారురాజు కనబడ్డం నేదు పాపం అంతారు. ఆడి పెళ్ళాం ఏడుత్తాది. రేవులో ఆడి ఫొటోకి దండేత్తారు. నాను నోరు మూసుకుని ఆ దండ కింద నుంచి నడవాల. అది నాకొద్దు."

ఆమె వంగి కాళ్ళ తాడు కోసింది. తరువాత చేతుల తాడు. నోట్లో గుడ్డ మాత్రం అతనే తీసుకోవలసి వచ్చింది.

"సీతాలూ, తల్లీ, నీ రుణం..." అని అతను మొదలుపెట్టాడు.

"నోరుముయ్యి. నిన్ను ఒదల్నేదు నాను. నిన్ను ఎప్పటికీ ఒదల్ను. ఇక్కడ సావకుండా సూసినానంతే. పో."

అతను ఒక చెప్పుతోనే బయటికి పరుగెత్తాడు. నూకన్న గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తరువాత అక్కతో మాట్లాడలేదు.

*

బంగారురాజు ఫిర్యాదు చేస్తాడని అందరూ అనుకున్నారు. చేయలేదు. మర్నాడు వీడియో హాలు గవరయ్యని ఎరుకమ్మ ఇంటికి పంపాడు. గవరయ్య పీట మీద కూర్చుని టీ తాగి, మెత్తగా చెప్పాడు.

"రాజు బాబు పెద్ద మనసుతో ఉన్నాడమ్మా. కట్టేసినందుకు కేసు పెడితే నీ కొడుకు జైలుకి పోతాడు. ఆయన పెట్టడు. సీతాలు తన కేసు ఎనక్కి తీసేసుకుంటే సరి. ఇద్దరిదీ ఇద్దరికీ సెల్లు. ఎవులికీ నష్టం నేదు."

"నాకు కన్ను పోనాది," అంది సీతాలు లోపల్నుంచి.

"అది ఎలాగూ రాదు గదమ్మా."

అతను వెళ్ళాక ఎరుకమ్మ కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఒలే, మీ అయ్యని నీల్లు తీసుకున్నాయి. నీ మొగుడు ఎల్లిపోనాడు. నీ కన్ను ఆడు తీసేసినాడు. ఇప్పుడు ఉన్న ఒక్క గుంటడినీ నువ్వే పట్టుకెల్లి జైల్లో ఎడతావా? సంపనేదు గదా ఆడు. ఎవులికీ ఏటీ అవనేదు. ఊరుకో తల్లీ."

సీతాలు తల్లి తల నిమిరింది. ఆమెకి ఏడుపు వచ్చింది, కట్టు కింది కంటికి నీళ్ళు రావడం ఇంకా నొప్పిగానే ఉంది.

"అమ్మా, రేవులో సూసినోల్లందర్నీ నిజం సెప్పమని తిట్టినాను. మన గుంటడి కాడికొచ్చేతలికి నాను అబద్దం ఆడతానేటి? అడిగితే సెప్తాను. అడక్కపోతే నా అంతట నాను సెప్పను. అంతవరకే. కేసు మాత్రం తియ్యను. ఇది ఎల్లి గవరయ్యకి సెప్పేయి."

ఆ మాట వసారాలో పడుకున్న నూకన్న విన్నాడు. లేచి చొక్కా వేసుకుని బయటికి పోయాడు. రెండు రోజులు ఇంటికి రాలేదు. చౌల్దారీలో మేనమామ ఇంట్లో ఉన్నాడని తరువాత తెలిసింది.

అతను తిరిగి వచ్చేసరికి గుమ్మంలో అప్పలరాముడు నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"సీతాలప్పా, నాకు నిద్దర పట్టడం నేదు," అన్నాడు. "సూసినావా నేదా అని నువ్వు అడిగింది సెవుల్లోంచి పోవడం నేదు. నాను థానాకి ఎల్తన్నాను. కొట్టడం సూసినానని సెప్తాను. ఐసు గది ఇసయం అడిగితే అదీ సెప్పేత్తాను. పడవ ఒద్దంటే కూలికి పోతాను. రంగత్‌లో రోడ్డు పని ఉన్నాదంట."

ఎరుకమ్మ నెత్తి కొట్టుకుంది. సీతాలు తమ్ముడి వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. అప్పలరాముడినే చూస్తూ అన్నాడు. "తాడు కట్టింది నాను. కత్తి తెచ్చింది నాను. నువ్వొక్కడివీ ఎందుకు సెప్తావు? పద, నానూ ఒస్తాను."

అతను అది కోపంతోనే అన్నాడు. అక్క మీద కోపం, అప్పలరాముడు తనకంటే ముందు లేచినందుకు కోపం. కోపంతోనే సందు దిగి, రేవు మీదుగా, జనం చూస్తుండగా థానాకి నడిచాడు. వాళ్ళ వెనక, కంటికి కట్టుతో సీతాలు. మల్లేశు పడవలోంచి చూశాడు. రాలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

*

కేసు సాగింది. వాయిదాలు పడ్డాయి. అప్పలరాముడికి పడవ పని పోయింది. ఎరుకమ్మ దగ్గర చేప కొనే ఇళ్ళు కొన్ని తగ్గాయి, "మీ గొడవలు మాకొద్దమ్మా" అంటూ. సీతాలు ప్రతి వాయిదాకీ వెళ్ళింది. వాన పడినా వెళ్ళింది. బంగారురాజు రానినాడు కూడా వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చింది.

చివరికి ఆమెని బోనెక్కించారు. బంగారురాజు లాయరు మెయిన్‌లాండు మనిషి, తెలుగు వచ్చు. నవ్వుతూ అడిగాడు.

"నీ తమ్ముడు మా రాజుగారిని తాళ్ళతో కట్టాడా, లేదా?"

"కట్టినాడు."

హాల్లో గుసగుసలు లేచాయి. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని లాయరు కూడా అనుకోలేదు.

"ఆయన ఎదుట నువ్వు కత్తి పట్టుకుని నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"అంటే చంపడానికే వెళ్ళావన్నమాట."

"ఎల్లినప్పుడు తెలీదు. కత్తి సేతిలో ఎట్టినాక సంపాలనే అనిపించింది."

"మరి ఎందుకు చంపలేదు? భయం వేసిందా?"

"నేదు," అంది సీతాలు. "ఇక్కడికొచ్చి సెప్పాలి గదా. సంపేత్తే ఆడు నిలబడాల్సిన బోనులో నాను నిలబడేదాన్ని. నన్ను మీరు ఎన్ని అడిగినా పరవానేదు బాబూ, అన్నీ సెప్తాను. నాకు దాసుకోడానికి ఏటీ నేదు. ఇప్పుడు ఆయన్ని అడగండి. తెడ్డుతో కొట్టినాడా, నేదా?"

జడ్జి ఆమెని అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు. సరేనంది. కానీ బోను దిగేవరకూ బంగారురాజు మీదినుంచి చూపు తిప్పలేదు. అతనే తల దించుకున్నాడు.

బంగారురాజుకి శిక్ష పడింది. లాయరు పైకోర్టుకి వెళ్ళి అందులో కొంత తగ్గించుకున్నాడు. తగ్గినా జైలు తప్పలేదు. మనిషిని బంధించినందుకు నూకన్నకీ, అప్పలరాముడికీ కొద్ది నెలలు పడ్డాయి. చాలామంది ఇది అన్యాయమన్నారు. కన్ను తీసినవాడికీ, పౌరుషం కొద్దీ తాడు కట్టినవాడికీ ఒకే జైలా అన్నారు. సీతాలుకి కూడా అది గుండెలో ముల్లులా ఉంది. ఎక్కడా ఆ మాట దాచలేదు, తాను చెప్పినదాన్ని వెనక్కీ తీసుకోలేదు.

నూకన్న బయటికి వచ్చే రోజున ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎరుకమ్మ ఇంటి దగ్గర వండుతోంది. గేటు తీశారు. నూకన్న చేతిలో గుడ్డల మూటతో వచ్చాడు. సన్నబడ్డాడు. అక్కని చూసి ఆగి, మళ్ళీ నడిచాడు. ఇద్దరూ రోడ్డు వారన ఎండలో కొంతదూరం నడిచారు.

"అప్పా," అన్నాడు చివరికి. ఐసు గది తరువాత ఆమెతో అన్న మొదటి మాట అదే. "ఆ పొద్దు నీ మాట ఇనకుండా నాను ఆడిని నిజంగా సంపేత్తే? అప్పుడు కూడా నా మీద సెప్పుందువా?"

సీతాలు ఆగింది. ఆమెకి ఆ ప్రశ్న కొత్త కాదు.

"సెప్పుందును," అంది. "ఏడుత్తా సెప్పుందును. దినం తప్పకుండా నీకు అన్నం పట్టుకొచ్చుందును. గానీ సెప్పుందును."

నూకన్న మూట ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అతని మొహంలో కోపం ఇంకా కొంత ఉంది. అది పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, పూర్తిగా పోయిందో లేదో కూడా సీతాలుకి తెలియదు.

"సెప్తావని నాకు తెలుసు," అన్నాడు. "పద. ఆకలేత్తంది."